ఎనిమిది దీపాల పచ్చడి డబ్బా

మా పెదనాన్న జ్ఞాపకార్థ కూడికలో మాట్లాడటానికి నాకు మూడు నిమిషాలు ఇచ్చారు. నాకంటే ముందు మా మేనత్త కొడుకు లేచి తన మూడు నిమిషాలూ, ఆ పైన ఇంకో తొమ్మిది నిమిషాలూ పెదనాన్నకు టెలిఫోను శాఖలో జరిగిన అన్యాయం గురించి మాట్లాడాడు. లైన్‌మన్‌గా చేరిన మనిషి ముప్పై నాలుగేళ్ల తర్వాత లైన్‌మన్‌గానే రిటైరయ్యాడనీ, నిజాయితీపరులకు ఈ లోకంలో ప్రమోషన్లు రావనీ, పరలోకంలో తప్పక వస్తాయనీ చెప్పి కూర్చున్నాడు. వెనక బెంచీల్లో ఇద్దరు ముగ్గురు ఆమెన్ అన్నారు. నా వంతు వచ్చేసరికి పాస్టరుగారు గడియారం వైపు చూస్తున్నారు. పెదనాన్న మంచి మనిషనీ, నాకు టంకం పెట్టడం నేర్పింది ఆయనేననీ చెప్పి దిగిపోయాను. చెప్పకుండా మింగిన సంగతి ఒకటుంది. దానికి మూడు నిమిషాలు చాలవు. పైగా మా మేనత్త కొడుకు చిన్నబుచ్చుకుంటాడు.

అప్పట్లో మేము నెల్లూరులో సంతపేటలో ఉండేవాళ్లం. నాన్న నాయుడుపేటలో బడిపంతులు. శనివారం సాయంత్రం వచ్చి, ఆదివారం ఆరాధన కాగానే అన్నం తిని బస్సెక్కేవాడు. వారమంతా ఇంట్లో ఉండేది నాయనమ్మ, అమ్మ, నేను, దేవసహాయం పెదనాన్న. పెద్దమ్మ నేను పుట్టకముందే పోయింది. వాళ్లకు పిల్లల్లేరు. రిటైరయ్యాక కూడా పెదనాన్న ఆరు గంటలకే లేచి, తన చొక్కా తనే ఉతుక్కుని, నీలిమందు పెట్టి, దండెం మీద ఆరేసి, కొయ్యలా నిలబడి ఆ చొక్కాను కాసేపు చూసేవాడు. తెల్ల చొక్కా, తెల్ల పంచె తప్ప ఆయన దగ్గర ఇంకో రంగు బట్ట ఉండేది కాదు. దాన్ని పాస్టరుగారు ఒకసారి ప్రసంగంలో ఉదాహరణగా కూడా వాడుకున్నారు. చొక్కా పని అయ్యాక సంచీ తీసుకుని మార్కెట్టుకు వెళ్లేవాడు. వంకాయలు బాగా ఏరేవాడు, చేపలు ఇంకా బాగా ఏరేవాడు. టమాటాలు మాత్రం ఎప్పుడు తెచ్చినా సగం పచ్చివే.

"పండేదో కాయేదో నీకు ఇంకా తెలవకపాయె గదరా దేవసహాయం" అనేది నాయనమ్మ, సంచీ నేల మీద బోర్లించి.

"నాలుగు రోజులుంటే అవే మాగుతాయిలేమ్మా" అనేవాడాయన. నాయనమ్మ ఆగేది కాదు. ఆ పచ్చివన్నీ తరిగి, ఎండుమిరపకాయలు, చింతపండు వేసి పచ్చడి చేసి, ప్లాస్టిక్ డబ్బాలకెత్తేది. మా వీధిలో ఎవరింటికి చుట్టాలొచ్చినా పచ్చి టమాటా పచ్చడి కోసం గిన్నె పట్టుకుని మా ఇంటికి వచ్చేవాళ్లు.

దీపాలు పెట్టే వేళకు అందరం చాప మీద కూర్చుని ప్రార్థన చేసేవాళ్లం. నాయనమ్మ ప్రార్థనకు ఒక వరస ఉండేది. ముందు వర్షాలు, తర్వాత మా నాన్న కడుపునొప్పి, మూడోది పెదనాన్న ప్రమోషన్. ఆయన రిటైరయ్యాక కూడా ఆ మూడోది తీసెయ్యలేదు. ఎన్నేళ్లకైనా పై హోదా ఇచ్చి పెన్షనులో కలుపుతారని ఎవరో చెప్పారట. రిటైరైన మనిషికి ప్రమోషనేమిటని అమ్మ ఒకసారి అడిగితే, "దేవునికి తేదీలతో పనేముండాది" అనేసింది నాయనమ్మ. ఆ మూడో కోరిక దగ్గరకు వచ్చేసరికి పెదనాన్న తల వంచుకుని, అందరికంటే గట్టిగా ఆమెన్ అనేవాడు.

వసారాలో ఒక మూల ఆయన బల్ల ఉండేది. దాని మీద టంకం కడ్డీ, రేడియో పెట్టెలు, టెలిఫోను తీగ చుట్టలు. టంకం పెట్టేటప్పుడు లేచే గుగ్గిలం పొగా, లోపల పొయ్యి మీద మామిడికాయ వేసిన చేపల పులుసూ కలిసి ఒక వాసన వచ్చేది. ఇప్పటికీ ఎక్కడైనా టంకం వాసన తగిలితే నాకు ఆకలేస్తుంది. ఆయన నాకు వేడి కడ్డీ పట్టుకోవడం నేర్పాడు, స్తంభమెక్కిన మనిషి తీగలో కరెంటు ఉందో లేదో నాలుకతో ఎట్లా చూస్తాడో చెప్పాడు, అమ్మ చూడకుండా నా చేత కూడా చూపించాడు. పుల్లగా ఉంటుంది.

నేను పదో తరగతి తర్వాత డిప్లొమా చేసి, కంప్యూటర్లను తీగలతో ఒకదానికొకటి కలిపే పని మీద ఆరు నెలల కోర్సు చేశాను. ట్రంకు రోడ్డులో సుధాకరన్న అని ఒక కాంట్రాక్టరు ఉండేవాడు. ఆడపిల్ల ఈ పని చేస్తుందా అని ఆయనకు అనుమానం. చేసేవాళ్లు దొరకనందువల్ల ఆ అనుమానాన్ని పక్కన పెట్టి నన్ను తీసుకున్నాడు. మొదటి పని కృష్ణపట్నంలో. రేవు అప్పుడప్పుడే పెద్దదవుతోంది. ఓడల సరుకు వ్యవహారాలు చూసే ఒక కంపెనీ అక్కడ కొత్త ఆఫీసు కట్టింది. రెండు హాళ్లలో గోడలకు నలభై ఎనిమిది పోర్టులు బిగించాలి. పోర్టంటే ఏమీ లేదు, కంప్యూటరు తీగ దూర్చే చిన్న బొక్క. నాయనమ్మకు ఇది అర్థమయ్యేలా చెప్పడం నా వల్ల కాలేదు. "పోర్టులో నలభై ఎనిమిది పోర్టులు బిగించేదేందే? ఉండే ఒక్కటీ చాలదా?" అంది. చివరకు, పోర్టులెన్నైనా సరే, లారీ డ్రైవర్లుండే చోటికి పిల్లను ఒంటరిగా పంపనంది. అట్లా పెదనాన్న నాతో బస్సెక్కాడు.

రెండు రోజులు ఆయన కుర్చీలో కూర్చుని పేపరు చదివాడు. ప్రకటనలతో సహా చదివాడు. మూడో రోజు నాకే జాలేసింది. "పెదనాన్నా, సముద్రం వైపు హాలు నువ్వు చేయకూడదా? నాకు సగం పని తగ్గుతుంది" అన్నాను.

పని చూపించాను. ఒక్కో తీగలో ఎనిమిది సన్న తీగలుంటాయి, రెండేసి మెలిపెట్టి నాలుగు జతలుగా. ఆరెంజి జత, పచ్చ జత, నీలం జత, బ్రౌను జత. పోర్టు వెనక ఎనిమిది గాళ్లుంటాయి, వాటికి రంగులు వేసి ఉంటాయి. రంగు చూసి ఏ తీగ ఆ గాడిలో నొక్కెయ్యడమే. ఆయన తీగ కొస పట్టుకుని కిటికీ దగ్గరకు వెళ్లి చాలాసేపు చూశాడు.

"మాట పోయేదానికి రెండు తీగలు చాలు గదా పాపా. ఎనిమిదెందుకు?"

"ఇది మాట కాదు పెదనాన్నా."

"మాట కాకపోతే ఇంకేం పోతది?" అన్నాడు. తర్వాత, "సరే తే" అన్నాడు. ఆ 'సరే'కి ముందు ఆయన ఎంతసేపు ఆగాడో ఇప్పుడు నాకు బాగా గుర్తుంది. అప్పుడు పట్టించుకోలేదు.

గురువారం కంప్యూటర్లు వచ్చాయి, పోర్టులకు తగిలించారు. నా హాల్లో ఒకటి తప్ప అన్నీ పలికాయి. సముద్రం వైపు హాల్లో తొమ్మిది పలికాయి, పదిహేను పలకలేదు. మేనేజరు ఫోను చేసి సుధాకరన్నను పిలిపించాడు. సుధాకరన్న కేకలు వేసే మనిషి కాదు, అది ఇంకా కష్టం. గోడ వైపు చూస్తూ నెమ్మదిగా అన్నాడు: "సోమవారానికి అన్నీ పలకాల. లేకుంటే మొత్తం పీకేసి వేరే వాళ్లకిస్తానంటుండాడు. తీగ చెడ్డదా, పోర్టు చెడ్డదా, కట్టింది చెడ్డదా, నాకు తెలవాల పాపా. ఆడపిల్లను పెట్టి చెడగొట్టినావని ఇప్పటికే ఒక మాట పడినా." ఆయన దగ్గర ఈ పోర్టులు పరీక్షించే టెస్టరు ఒకటి ఉండేది. అది రిపేరు కోసం మద్రాసు వెళ్లి అక్కడే స్థిరపడింది.

బస్సులో ఏడుపు ఆపుకోవడానికి ఉప్పుగాలి గురించి ఆలోచించాను. సముద్రం వైపు హాలు కాబట్టి ఉప్పు పట్టి ఉంటుందని నాకు నేనే సిద్ధాంతం చేసుకున్నాను. పెదనాన్న కాసేపటికి, "టెస్టరు లేకపోతే చేసుకుంటే పాయె. ఈ కొసన బ్యాటరీ, ఆ కొసన దీపం. ముప్పై నాలుగేళ్లు నేను చేసిందంతా అదే గదా" అన్నాడు.

శుక్రవారం పొద్దున వసారాలో కూర్చుని చేశాం. నాయనమ్మ రెండు పచ్చడి డబ్బాలు ఇవ్వడానికి ఒప్పుకోలేదు, తర్వాత ఇచ్చింది. కాల్చిన మేకుతో మూతలకు ఎనిమిదేసి బెజ్జాలు పొడిచాం. ఒక డబ్బాకు ఎనిమిది నొక్కుడు బటన్లు, లోపల రేడియోలో వేసే చదరం బ్యాటరీ. రెండో డబ్బాకు ఎనిమిది చిన్న దీపాలు. సామాన్ల కొట్టులో ఎర్ర దీపాలు మాత్రమే ఉన్నాయి కాబట్టి అన్నీ ఎర్రవే. డబ్బాకొక తీగ, దాని కొసన పోర్టులో దూర్చే ముల్లు. అమ్మ గోళ్ల రంగుతో బటన్లకూ దీపాలకూ ఒకటి నుంచి ఎనిమిది దాకా అంకెలు వేశాను. ఒకటి నొక్కితే ఒకటి వెలగాలి, రెండు నొక్కితే రెండు. వెలగకపోతే తీగ తెగినట్టు, వేరేది వెలిగితే తీగలు తారుమారైనట్టు. కరెంటు బటన్ నుంచి దీపం దాకా పోతుంది సరే, తిరిగి బ్యాటరీకి ఎట్లా వస్తుందన్న చోట నేను ఆగిపోయాను. పుస్తకంలో దానికి పెద్ద చిక్కు బొమ్మ ఉంది. పెదనాన్న తన పాత టెలిఫోను తీగ చుట్ట తెచ్చి, "ఈ ఎనిమిదీ పోయేవి. ఇది తొమ్మిదోది, వచ్చేది. బయట నుంచి లాక్కుంటా పోదాం" అన్నాడు. అంతటితో ఆ చిక్కు తీరింది.

బల్ల మీద పరీక్షించాం. దీపాలు వరసగా వెలిగాయి. నాయనమ్మ వంగి చూసి, "ఇంతేనా? క్రిస్మసుకు మన చర్చిలో పెట్టేవి ఇంతకంటే బాగుంటాయి" అంది. డబ్బాలను మూడు సార్లు కడిగినా పచ్చడి వాసన పోలేదు. మరునాడు ఆఫీసులో మేము ఎక్కడ నిలబడితే అక్కడి గుమాస్తాలు పదకొండు గంటలకే క్యారేజీలు విప్పారు.

తీగలన్నీ వచ్చి చేరే ఇనుప బీరువా వరండాలో ఉండేది. శనివారం పొద్దున నేను బటన్ల డబ్బాతో అక్కడ నిలబడ్డాను. పెదనాన్న దీపాల డబ్బాతో హాల్లో పోర్టు పోర్టుకూ తిరిగాడు. ముందు నా హాలు. పలకని ఆ ఒక్కదానిలో రెండో దీపం వెలగలేదు; నేను సరిగా నొక్కలేదు, అంతే. తర్వాత సముద్రం వైపు హాలు.

"ఒకటి" అని నొక్కాను.

"ఒకటి" అన్నాడు లోపలి నుంచి.

"మూడు."

"ఏడు."

విన్నది తప్పేమో అనుకున్నాను. "మూడు నొక్కినా పెదనాన్నా."

"ఏడే వెలిగింది."

ఆరు నొక్కితే ఎనిమిది, ఏడు నొక్కితే మూడు. పచ్చ జత ఉండాల్సిన చోట బ్రౌను జత ఉంది. ఇంకో పోర్టులో ఆరెంజి, పచ్చ తారుమారు. ఇంకోదానిలో మళ్లీ పచ్చ, బ్రౌను. నేను కాగితం మీద రాసుకుంటున్నాను. ఏడో పోర్టో ఎనిమిదో పోర్టో దగ్గర గమనించాను, నాలుగు, ఐదు ఒక్కసారి కూడా తప్పలేదు. అవి నీలం జత. ఉప్పుగాలికి రంగుల పట్టింపు ఉండదు. నా చెయ్యి బటన్ మీద ఆగిపోయింది. గోడకు ఇవతల నేనూ అవతల ఆయనా, మధ్యలో తొమ్మిదో తీగ. ఒకటికి ఒకటి, రెండుకి రెండు అని ఆయన చెప్పేస్తే నాకు తెలిసే దారి లేదు. దీపాలు చూసేది ఆయన ఒక్కడే.

"నొక్కు పాపా" అన్నాడు.

"మూడు" అన్నాను.

"ఏడు" అన్నాడు. గొంతు మారలేదు. ఇరవై నాలుగు పోర్టులూ అట్లాగే చెప్పాడు. పదిహేను తప్పు. అన్నీ తన చేతివే.

మధ్యాహ్నం మెట్ల మీద కూర్చుని క్యారేజీ విప్పాం. ఆయన అన్నం కలుపుతూ, తల ఎత్తకుండా చెప్పాడు. "నాకు పచ్చా, బ్రౌనూ ఒకటే మాదిరిగా ఉంటాయి పాపా. ఆరెంజి కూడా ఇంచుమించు అంతే. మంచి ఎండలో ముదురూ లేతా చూసి పోల్చుకుంటా. ఈ హాలు కిటికీలకు ఏందో నల్ల కాగితం అతికించినారు, వెలుతురే లేదు."

"చిన్నప్పటి నుంచా?"

"పుట్టినప్పటి నుంచే అయ్యుంటది. నాకేం తెలుసు, అందరికీ అట్నే ఉంటాదనుకున్నా."

ఉద్యోగంలో చేరేటప్పుడు కళ్ల పరీక్షలో రంగు చుక్కల పుస్తకం చూపిస్తారు. చుక్కల్లో దాగిన అంకె చెప్పాలి. ఖాదర్ అని ఆయన స్నేహితుడు ముందు లోపలికి వెళ్లి, బయటకు వచ్చి అంకెలన్నీ వరసగా చెప్పాడట. పెదనాన్న వాటిని బట్టీపట్టి అప్పజెప్పాడు. ఆ తర్వాత ముప్పై నాలుగేళ్లు ఇద్దరూ ఒకే జట్టు. స్తంభం మీద రెండు తీగలే కాబట్టి ఇబ్బంది లేదు. రంగుల తీగలు తగిలిన చోటల్లా ఖాదర్ పక్కన నిలబడి మెల్లగా పేర్లు చెప్పేవాడు. ప్రమోషనంటే భూమిలో పోయే పెద్ద కేబుళ్ల పని. వందల తీగలు, అన్నీ రంగులే.

"అయితే ప్రమోషను రాలేదంటే..."

"వచ్చింది. మూడు తూర్లు వచ్చింది. వద్దని రాసిచ్చినా."

నేను అన్నం తినడం మానేసి చూస్తున్నాను. "మరి నాయనమ్మ ప్రార్థన?"

"ఆమెన్ అంటుండా గదా."

"ఆమెకు చెప్పొచ్చు గదా పెదనాన్నా, ఇప్పుడేముంది?"

ఆయన కలిపిన ముద్ద గిన్నెలోనే వదిలేశాడు. "మొదట్లో భయపడి చెప్పలా. తర్వాత చెప్పాలంటే, ఇన్నేళ్లు ప్రార్థన చేయించినందుకు సిగ్గేసింది" అన్నాడు. నేను రంగు చూసి కట్టమన్న రోజు ఎందుకు కాదనలేదని అడగలేదు. ఆయనే చెప్పాడు: "నువ్వు సగం పని తగ్గుతాదంటివి."

సుధాకరన్న రెండు గంటలకు వచ్చాడు. నేను ఒక మాట సిద్ధం చేసుకున్నాను. కిటికీల నల్ల కాగితం వల్ల నేనే పొరపాటు పడ్డానని చెబుదామనుకున్నాను. నోరు తెరవబోతుండగా పెదనాన్న లేచి నిలబడి చొక్కా సర్దుకున్నాడు.

"ఆ హాలు కట్టింది నేను. పాప కాదు. నాకు రంగులు తెలవవు" అన్నాడు. గుమాస్తాలు నలుగురైదుగురు అక్కడే ఉన్నారు. ముప్పై నాలుగేళ్లు దాచిన మాట అది. మెట్ల మీద నాకు చెప్పిన రెండు గంటల్లోపే అందరి ముందూ చెప్పేశాడు.

సుధాకరన్న ఆయన్నూ, నన్నూ, నేను రాసిన కాగితాన్నీ చూశాడు. "తెలవకపోతే ముందే చెప్పాల గదా పెద్దాయనా" అన్నాడు. తర్వాత డబ్బా చేతికి తీసుకుని వాసన చూశాడు. "ఇదేంది, టమాటానా?"

సాయంత్రం నాలుగు దాటేసరికి, నాదొకటి కలిపి పదహారు పోర్టులూ మళ్లీ కట్టాను. పెదనాన్న ఒక్కొక్కటీ పరీక్షించి, ఒకటి నుంచి ఎనిమిది దాకా వరస తప్పకుండా చెప్పాడు. మేనేజరు ఏమీ అనలేదు, అది ఆయన మెచ్చుకోలు. ఆ తర్వాత రెండు మూడేళ్లు సుధాకరన్న ఎక్కడ పని పట్టినా పరీక్షకు పెదనాన్ననే పిలిచాడు. కొత్త టెస్టరు కొన్నాక కూడా పిలిచాడు. తన తప్పు తానే చదివి వినిపించిన మనిషి ఇంకెవరి తప్పునూ దాచడని ఆయన లెక్క. ఇంట్లో మాత్రం ఏమీ మారలేదు. నాయనమ్మ పోయేదాకా మూడో కోరిక మూడోదిగానే ఉంది. పెదనాన్న ఆమెన్ కూడా అంతే గట్టిగా ఉంది. "ఇప్పుడు చెప్పి ఆమెకు ఒక ప్రార్థన తక్కువ చేసేదెందుకు" అనేవాడు.

నేనిప్పుడు పాలిటెక్నిక్‌లో ఇదే పాఠం చెబుతున్నాను. మా ల్యాబులో అరచేతిలో పట్టే మిషను ఉంది. ఒక కొసన పెడితే చాలు, ఏ తీగ, ఎన్ని మీటర్ల దూరంలో తెగిందో అంకె చూపిస్తుంది. అవతల కొసన మనిషి అక్కర్లేదు, కేకలు అక్కర్లేదు. మంచిదే. పోయిన సంవత్సరం చేరిన ఒకమ్మాయి మొదటి రోజే, "మేడం, మా తరగతిలో ఫలానా అబ్బాయికి పచ్చా ఎరుపూ తేడా తెలవదంట, వాడి పక్కన నేను కూర్చోవచ్చా?" అంది. ఆ అబ్బాయి అక్కడే నిలబడి నవ్వుతున్నాడు. ఫోనులో ఏదో పెట్టుకున్నాడట, తీగకు ఎదురుగా పట్టుకుంటే రంగు పేరు చెబుతుంది. మొత్తం సంభాషణకు ఒక్క నిమిషం పట్టింది. నేను పుస్తకం తెరిచి పాఠం మొదలుపెట్టాను, కానీ ఆ రోజు సరిగా చెప్పలేకపోయాను.

ఆ శనివారం కృష్ణపట్నంలో మేము ఎండ తగ్గక ముందే బస్సెక్కాం. కిటికీ దగ్గర ఒకావిడ చేపల గంప కాళ్ల మధ్య పెట్టుకుని కూర్చుంది. ఆమె పక్కన పెదనాన్న, ఈ చివర నేను. బస్సు కదిలాక ఆయన కాసేపు బయటకు చూసి, "ఆ లారీ ఏం రంగు?" అన్నాడు.

"ఎరుపు."

"ఆ చెట్లు?"

"పచ్చ. తుమ్మచెట్లు ముదురు పచ్చ. వెనక వరి లేత పచ్చ."

"నాకు లారీ, తుమ్మా ఒకటే" అన్నాడు, ఎవరైనా వింటారన్న బెదురు లేకుండా. తర్వాత రొయ్యల గుంట నీళ్లు, ఒక ఇంటి తలుపు, ఎదురొచ్చిన పెళ్లి వ్యాను, రోడ్డు పక్క గొడుగు. అడుగుతూనే ఉన్నాడు, నేను చెబుతూనే ఉన్నాను. చేపలావిడ ఇక ఉండబట్టలేక, "పెద్దాయనకు కండ్లు కనపడవా పాపా? ఇట్ట కిటికీ కాడికి రానీ, గాలన్నా తగలతాది" అని లేవబోయింది.

"బాగా కనపడతాయమ్మా. పేర్లు తెలుసుకుంటుండా" అన్నాడు పెదనాన్న. అయినా ఆమె లేచి చోటిచ్చింది. ఆయన కిటికీ దగ్గరకు జరిగి, ఆమె చీర కొంగు చూసి, "ఇదేం రంగు?" అని ఆమెనే అడిగాడు.

"నెమలికంఠం" అంది.

"అంటే నీలమా, పచ్చా?"

ఆమె కొంగు పట్టుకుని చూసుకుంది. "పచ్చే" అంది. ముందు సీట్లో మనిషి వెనక్కి తిరిగి, నెమలికంఠమంటే నీలమే అన్నాడు. కండక్టరు టిక్కెట్లు కొట్టడం ఆపి, నీడలో నీలం, ఎండలో పచ్చ అన్నాడు. వెనక నుంచి ఎవరో అసలు అది నెమలికంఠమే కాదన్నారు. పెదనాన్న అందరి మాటా శ్రద్ధగా విన్నాడు. ముత్తుకూరు దాటాక తన అభిప్రాయం కూడా చెప్పాడు. ఎవరూ ఒప్పుకోలేదు. నెల్లూరులో దిగేదాకా ఆయన వాదిస్తూనే ఉన్నాడు.